బీరు లెక్క వేరు, అడ్వాన్స్ లెక్క వేరు

ప్రశ్న: మాది తిరుపతి. యూనివర్సిటీలో కలిసి చదువుకున్న నలుగురు స్నేహితులం మా మేడ మీది గదిలో సరదాగా బీరు తయారు చేసుకునేవాళ్లం. మాల్ట్, హాప్స్, ఈస్ట్ ఆన్‌లైన్‌లో తెప్పించేవాళ్లం. మేం తాగడానికే తప్ప ఎప్పుడూ ఎవరికీ అమ్మలేదు. సామాను కొనడానికి నా వాటా కింద రెండు దఫాలుగా 32,500 రూపాయలు ఒక స్నేహితుడికి ఫోన్‌పే చేశాను. తర్వాత అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. రూం అడ్వాన్స్‌కు కావాలంటే 2023 ఆగస్టు 14న మరో 45,000 పంపాను. వెళ్తూ వెళ్తూ పాత్రలు, ఫ్రిజ్ అన్నీ టాటా ఏస్‌లో వేసుకుపోయాడు. నా పెళ్లిలో తోడిపెళ్లికొడుకుగా కూర్చున్నవాడు ఇప్పుడు నా ఫోన్ ఎత్తడం లేదు. 2024 ఉగాది రోజు మాత్రం "నీ అడ్వాన్స్ డబ్బులు జీతం పెరగగానే ఇస్తా" అని వాట్సాప్‌లో పెట్టాడు. మొత్తం 77,500 రావాలి. వాళ్ల అమ్మ ఆపరేషన్‌కని నమ్మించి తీసుకున్నాడని చీటింగ్ కేసు పెడితే రెండు రోజుల్లో కక్కుతాడని మా మామయ్య అంటున్నారు. లేదా ఎక్సైజ్ వాళ్లకు చెబుతానని బెదిరించమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది. నాకు న్యాయం జరుగుతుందా?

– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ ఉత్తరం అసలు ఐదు పేజీలు, పైన వేసింది దాని సారాంశమే. అందులో నాలుగు స్నేహం గురించే. ఏ కోర్టూ ఆ నాలుగు పేజీలు చదవదు కాబట్టి నేనూ పక్కన పెట్టేస్తున్నాను. మీ కేసును తేల్చే విషయం ఒక్కటే. ఏ డబ్బు ఎందుకు ఇచ్చారు? మీరు 77,500 అని ఒకే ముద్దగా కలిపేశారు. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు లావాదేవీలు. ఒకదానికి కోర్టు తలుపు తీస్తుంది. రెండోది పట్టుకుని వెళ్తే ఆ తలుపు మీ మీదే పడుతుంది.

ముందు ఆ రెండోది, అంటే బీరు సామానుకు ఇచ్చిన 32,500 సంగతి చూద్దాం. ఇంట్లో బీరు కాచుకోవడం హాబీ అని మీరు రాశారు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం. బీరు కూడా మద్యమే. పులియబెట్టడం కూడా తయారీయే. అమ్మారా, మీరే తాగారా అన్నది శిక్ష ఖరారు చేసేటప్పుడు మీ వకీలు చెప్పుకోవడానికి పనికొస్తుందేమో గానీ, నేరం కాకుండా పోదు. తయారీ కోసం సరుకు, పాత్రలు దగ్గర పెట్టుకోవడం కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తుంది. పల్లెల్లో ఎక్సైజ్ వాళ్లు దాడి చేసి పారబోసే బెల్లం ఊటకూ, మీ గదిలో మూతపెట్టిన బకెట్‌లో వారం పది రోజులు పులిసిన బార్లీ నీళ్లకూ పంచనామాలో పెద్ద తేడా ఉండదు.

అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవచ్చు కదా అని అడిగారు. నిజమే. అక్కడ 1978లో చేసిన ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఒక పరిమితి దాకా అనుమతించింది. బ్రిటన్‌లో 1963లోనే ఇంటి బీరుకు లైసెన్సు అవసరం తీసేశారు. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. మన శాసనసభ అలాంటి మినహాయింపు ఇవ్వలేదు. బెంగళూరులో మైక్రోబ్రూవరీలు ఉన్నాయన్నారు. అవి లైసెన్సు ఫీజు కట్టి నడుపుకునే వ్యాపారాలు. ఆ లైసెన్సు తిరుపతి కొర్లగుంటలోని మీ మేడ మీది గదికి రాదు. కల్లు గీసేవాళ్లను చూపించారు. వాళ్లకూ చెట్ల లెక్కన లైసెన్సు ఉంటుంది. మీకు ఉందా?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. చెల్లని ఒప్పందం కింద ఇచ్చిన వాటా తిరిగి ఇప్పించమని అడిగితే, ఆ పనిలో మీరూ భాగస్వామే కదా అని కోర్టు మొహం తిప్పుకుంటుంది. మీరు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూశాను. ఆ రెండు చెల్లింపుల పక్కనా మీరే టైప్ చేసిన మాట ఉంది: "బీర్ ఫండ్". కింద ఒక గ్లాసు బొమ్మ కూడా. చదువుకున్నవాళ్లు బ్యాంకు రికార్డులో తమ నేరాన్ని తామే రాసి పెట్టుకోవడం చూస్తే నవ్వాలో, తిట్టాలో తెలియదు. ఆ 32,500 గురించి మర్చిపోండి. దావాలోనే కాదు, నోటీసులో కూడా ఆ అంకె కనబడకూడదు.

45,000 సంగతి అలా కాదు. అదే స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపు పక్కన "రూం అడ్వాన్స్" అని ఉంది. స్నేహితుడు ఇల్లు అద్దెకు తీసుకోవడానికి ఇచ్చిన చేబదులు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. దీన్ని నిరూపించడానికి బీరు మాట ఎత్తాల్సిన అవసరమే లేదు. ఒక అప్పు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు కలిసి ఇంకో తప్పు చేశారు కాబట్టి ఆ అప్పు కూడా చెల్లదనే సూత్రం ఏదీ లేదు. కాబట్టి మీ కేసు 77,500 కాదు, 45,000. ఇంకా ఎక్కువ ఆశపడితే ఇదీ పోతుంది.

దావా వేయడానికి ఉండే గడువును, అంటే కాలపరిమితిని, మీరు పెద్దగా పట్టించుకోలేదు. తేదీ పెట్టకుండా ఇచ్చిన చేబదులుకు, అడగగానే ఇవ్వాలన్న అప్పుకు కూడా, 1963 కాలపరిమితి చట్టం ప్రకారం డబ్బు ఇచ్చిన రోజు నుంచే మూడేళ్లు లెక్కిస్తారు. అడిగిన రోజు నుంచి కాదు, అతను ఫోన్ ఎత్తడం మానేసిన రోజు నుంచీ కాదు. అంటే 2026 ఆగస్టు 14తో ముగుస్తుంది. ఉగాది మెసేజ్‌తో గడువు కొత్తగా మొదలైందని, 2027 ఏప్రిల్ దాకా ఆగవచ్చని మీకు ఎవరో చెప్పారట. గడువు ముగియకముందే రాతపూర్వకంగా, సంతకంతో అప్పు ఒప్పుకుంటే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయన్నది సెక్షన్ 18లో ఉన్నమాట నిజమే. అయితే వాట్సాప్ మెసేజ్‌లో సంతకం ఎక్కడుందని అవతలి వకీలు మొదటి రోజే లేస్తాడు. దానికి జవాబు చెప్పవచ్చు, వాదించవచ్చు. వాదించాల్సిన అవసరం రాకుండా పాత గడువులోపే దావా వేసుకోగలిగినప్పుడు ఆ ప్రమాదం ఎందుకు నెత్తికెత్తుకోవడం?

ఆ మెసేజ్‌లో ఇంకో చిక్కుంది. మీరు పంపిన స్క్రీన్‌షాట్ జాగ్రత్తగా చూడండి. అది మీ ఇద్దరి ప్రైవేట్ చాట్ కాదు. నలుగురూ ఉన్న గ్రూపు. దాని పైన నురగ పొంగుతున్న బకెట్ ఫొటో, కింద "ఈ బ్యాచ్ అదిరింది" అని మీ కామెంట్. ఆ గ్రూపు పేరు నేను ఇక్కడ రాయను, మీ మంచికే. ఈ ఒక్క మెసేజ్ సాక్ష్యంగా పెడితే మొత్తం చాట్ తెప్పించమని అవతలివాళ్లు అడుగుతారు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అంటే బకెట్ ఫొటో ఉన్న ఫోన్‌ను మీరే ధ్రువీకరించి కోర్టు చేతిలో పెట్టినట్టు.

అయితే చాట్ డిలీట్ చేసేయమంటారా అని అడుగుతారేమో. వద్దు. సాక్ష్యంగా అడిగే అవకాశం ఉన్న రికార్డును చెరిపేయడం మరో నేరం. పైగా మిగతా ముగ్గురి ఫోన్లలో అది అలాగే ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. దాని మీద ఆధారపడకుండా కేసు నిలబెట్టుకోండి. బ్యాంకుకు వెళ్లి ఆ 45,000 చెల్లింపు ఉన్న నెల స్టేట్‌మెంట్‌ను బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫికెట్‌తో తీసుకోండి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ కంటే దానికి వెయ్యి రెట్లు విలువ.

మీ మామయ్యగారి సలహా గురించి గట్టిగా చెప్పాలి. ఆపరేషన్‌కని డబ్బు తీసుకున్నాడని ఫిర్యాదు రాస్తే, అది అబద్ధమని మీ స్టేట్‌మెంట్‌లోని "రూం అడ్వాన్స్" అనే రెండు మాటలే చెబుతాయి. అబద్ధపు సమాచారం ఇచ్చినందుకు, అబద్ధపు కేసు పెట్టినందుకు భారతీయ న్యాయ సంహితలో 217, 248 సెక్షన్లు మీ కోసమే ఉన్నాయి. నిజమే రాసినా ఇది చీటింగ్ కాదు. తీసుకునే నాడే ఎగ్గొట్టాలన్న దురుద్దేశం ఉంటేనే చీటింగ్ అవుతుంది. ఇచ్చిన డబ్బు తిరిగి ఇవ్వకపోవడం సివిల్ తగాదా అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. డబ్బు వసూలు చేసి పెట్టడం పోలీసుల పని కాదు. పైగా స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ అడిగే రెండో ప్రశ్న, మీ ఇద్దరి మధ్య ఇంకేం లావాదేవీలు ఉన్నాయని. మీ స్నేహితుడు ఊరుకుంటాడా? ఆ సాయంత్రానికి ఫిర్యాదుదారు ఎవరు, నిందితుడు ఎవరన్నది తారుమారవుతుంది. మూడేళ్లకు మించి శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి ఉండదు. ఎక్సైజ్ తయారీ కేసులో, అందులోనూ 2019, 2020 సవరణల తర్వాత, పాత సంగతి కదా అని మీరు అనుకోవడానికి వీల్లేదు.

ఎక్సైజ్ వాళ్లకు చెబుతానని బెదిరించడం ఇంకా తెలివితక్కువ పని. బెదిరించి డబ్బు రాబట్టడాన్ని చట్టం ఎక్స్‌టార్షన్ అంటుంది. అది మీరు రాసిన మెసేజ్‌తోనే రుజువవుతుంది. గది ఎవరిది? మీ అమ్మగారిది. పట్టా ఆమె పేర ఉందని మీరే రాశారు. అధికారి మెట్లెక్కే ముందు అడిగేది ఇల్లెవరిదనే.

ఇక చేయాల్సిన పని. మీ ఊళ్లోనే ఒక అడ్వకేటును పెట్టుకుని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లీగల్ నోటీసు ఇప్పించండి. అందులో మూడే మూడు విషయాలు: 2023 ఆగస్టు 14న ఫలానా ఖాతా నుంచి 45,000 చేబదులు, ఇంతవరకు చెల్లించలేదు, 15 రోజుల్లో చెల్లించాలి. స్నేహం, ద్రోహం, తోడిపెళ్లికొడుకు, ఇవేవీ వద్దు. నోటీసుకు అతను జవాబిచ్చి అప్పు ఒప్పుకుంటే, సంతకం ఉన్న ఆ కాగితమే మీకు కావలసిన ఒప్పుకోలు. ఇంటికొచ్చి మాట్లాడితే నిజమైన అప్పుకు, ఆ రోజు తేదీతోనే, ప్రోనోటు రాయించుకోండి. పాత తేదీతో కాదు. నిజమైన అప్పుకు నేటి తేదీతో రాసిన ప్రోనోటు ఎంత బలమో, పాత తేదీతో రాసినది అంత బలహీనం.

రాజీకి అవకాశం ఉందనిపిస్తే న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ పిటిషన్ (దావా వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ కోరే అర్జీ) పెట్టవచ్చు. తిరుపతి కోర్టు ఆవరణలోని కమిటీలో అడిగినా, చిత్తూరులోని జిల్లా సంస్థలో అడిగినా చెబుతారు. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానం, దాని మీద అప్పీలు లేదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. నోటీసు ఇచ్చినా, ఈ పిటిషన్ పెట్టినా కాలపరిమితి ఆగుతుందని అనుకోవద్దు. రాజీ మాటలు నానుతుంటే గడువుకు రెండు నెలల ముందే సివిల్ కోర్టులో దావా వేసేయండి. అతను బెంగళూరులో ఉన్నా, డబ్బు తిరుపతి ఖాతా నుంచి వెళ్లింది కాబట్టి ఇక్కడ వేయడానికి దారి ఉంది.

ఫ్రిజ్ బిల్లు మీ పేరుతో ఉందన్నారు. దాన్ని విడిగా, మీ వస్తువుగా అడగవచ్చు. అది ఎందుకు కొన్నారో చెప్పాల్సిన పని లేదు, ఫ్రిజ్ ఎవరైనా కొంటారు. మిగతా పాత్రలు, సీసాలకు మూత బిగించే మిషన్ వదిలేయండి. వాటిని తెచ్చుకోవడానికి కారులో పలమనేరు మీదుగా వెళ్లొస్తానన్నారు. వెళ్లకండి. బెంగళూరులో అతని దగ్గర మిగిలిన సీసాలు ఒకటి రెండు డిక్కీలో పడేసుకుని వస్తే, చెక్‌పోస్టులో కారు కూడా పోతుంది. "మూడు సీసాలు తెచ్చుకోవచ్చట" అన్న మాట 2020లో హైకోర్టు తీర్పు తర్వాత ఊరంతా పాకింది. ఆ వెంటనే ప్రభుత్వం నిబంధన మార్చిన సంగతి మాత్రం ఎవరికీ పాకలేదు.

చివరిగా, స్టోర్ రూంలో ఊరగాయ జాడీల వెనక ఇంకో డజను సీసాలు ఉన్నాయని మీ ఉత్తరం చివరి వాక్యంలో రాశారు. వాటిని ఏం చేయాలో పత్రికలో చెప్పను. తయారీ మాత్రం మళ్లీ మొదలుపెట్టకండి, ఆ సీసాలు ఎవరికీ ఇవ్వకండి, ఎక్కడికీ మోయకండి. నోటీసు కోసం కలిసే అడ్వకేటుకే ఈ సంగతి ముఖాముఖి చెప్పండి. జరిగిపోయిన దాని గురించి క్లయింటు చెప్పిన మాట అతను బయట పెట్టకూడదు. వెళ్లేటప్పుడు ఒరిజినల్ స్టేట్‌మెంట్, ఫ్రిజ్ బిల్లు, ఆ ఫోను తీసుకెళ్లండి. మామయ్యను ఇంట్లోనే ఉంచండి.