ఇంటర్ తప్పి, నాలుగేళ్లు ఖాళీగా ఉండి, మళ్లీ చదువులోకి రావాలంటే

ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, పనిచేసే దుకాణం మూతపడి నాలుగేళ్లయింది, ఇప్పుడు 31 ఏళ్లు, పుస్తకం తెరిస్తేనే భయమేస్తోంది, ఎక్కడ మొదలుపెట్టాలని పరకాల నుంచి అడిగారు. ముందు వయసు సంగతి: రోజూ కాలేజీకి వెళ్లకుండా చదివే తెలంగాణ ఓపెన్ స్కూల్ ఇంటర్‌కి పై వయోపరిమితి లేదు. ఐటీఐకీ లేదు.

మొదటి వారం పుస్తకం జోలికి పోకుండా కాగితాలు సర్దుకోండి. పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే ఆధార్‌ను మెమో ప్రకారం దిద్దించాలి. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి ఆపరేటర్ ఏం కొట్టాడో చదవనిదే సంతకం పెట్టొద్దు. పాత కాలేజీలో టీసీ ఉండిపోతే ఇప్పుడే తెచ్చుకోండి. రెగ్యులర్ కోర్సులకు మధ్య ఏళ్ల గురించి నోటరీ అఫిడవిట్ అడుగుతారు. చాలామంది చివరి తేదీ నాడు వీటి దగ్గరే ఆగిపోయి, తమకి చదువు రాసిపెట్టి లేదనుకుంటారు. ఎంత అన్యాయం!

మీకు నేను చెప్పేది ఓపెన్ ఇంటరే. ఐదు సబ్జెక్టులు, ఒక్కోదానికి 35 వస్తే పాస్. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే. అందుకే మొదటిసారి రెండు సబ్జెక్టులకే ఫీజు కట్టండి. ఐదూ ఒకేసారి కట్టి నాలుగు పోగొట్టుకుంటే పాత గాయం మళ్లీ రేగుతుంది. పాత ఇంటర్ మెమో కూడా ఓపెన్ స్కూల్ అడ్మిషన్లు, క్లాసులు చూసే స్టడీ సెంటర్‌కి పట్టుకుపోండి. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి వరకు మార్కుల బదిలీకి వీలుంది, షరతులు అక్కడే తేల్చుకోవాలి. సెలవు రోజుల్లో జరిగే క్లాసులు వదలకండి, మీలాంటివాళ్లు అక్కడ పది మంది కనిపిస్తారు.

ఇక అసలు కష్టం కూర్చోవడం. ఖాళీగా ఉన్నప్పుడు నిద్రకి, తిండికి వేళ తప్పుతుంది. బుర్ర మొద్దుబారిందనిపించేది ఎక్కువగా అందుకే. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి రోజూ ఒకే వేళకి వెళ్లండి, ఫోన్ ఇంట్లో పెట్టి. మొదటి వారం 20 నిమిషాలు చాలు. ఇంకా చదవాలనిపించినా లేచి రండి. వారానికి 10 నిమిషాలు పెంచండి. గణితం, ఇంగ్లిష్ అందకపోతే ఎనిమిదో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టండి, ఇందులో నామోషీ లేదు.

ఎవరూ చెప్పనిది చేతిరాత. ఏళ్లుగా పెన్ను పట్టనివాళ్లకి మూడు గంటల పరీక్షలో గంట దాటేసరికి వేళ్లు పట్టేస్తాయి, తెలిసిన జవాబులూ మిగిలిపోతాయి. రోజూ ఒక పేజీ చూసి రాయండి, మూడో వారం నుంచి చూడకుండా రాయండి. వంద మార్కులకు 180 నిమిషాలంటే, ప్రశ్నపత్రం చదవడానికి పది, చివర సరిచూసుకోవడానికి పది తీసేస్తే, ఐదు మార్కుల ప్రశ్నకి ఎనిమిది నిమిషాలు. గడియారం పెట్టుకునే రాయండి.

చేతిపని మీద మనసుంటే పదో తరగతితోనే ఐటీఐ ఉంది: వెల్డర్ ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. రోజూ హాజరు కావాలి కాబట్టి ఇల్లు గడిచే దారి ముందే చూసుకోవాలి. ఓపెన్ ఇంటర్ అయితే పని చేసుకుంటూ కట్టొచ్చు, తర్వాత అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో తెలుగు మీడియం డిగ్రీకీ వెళ్లొచ్చు.

పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లకి ఒక్క రూపాయి ఇవ్వకండి. డబ్బుతో పాటు ఒరిజినల్ మెమో కూడా వాళ్ల దగ్గర ఇరుక్కుంటుంది. ఎవరడిగినా జిరాక్సే ఇచ్చి, ఒరిజినల్ చూపించి వెనక్కి తీసుకోండి.

రెండు మూడు రోజులు తప్పిపోతే ఆ పాఠాలన్నీ ఒక్కరోజే లాగించాలని చూడకండి. మళ్లీ 20 నిమిషాల దగ్గర నుంచి ఎత్తుకోండి.