కోపం ఉంచుకో, ఏవగింపుని మాత్రం నిలదియ్యి

అమలాపురం

అమ్మాయ్,

నీ రొయ్యల చెరువు కథ నిదానంగా చదివాను. చదివినవాళ్లంతా కోపం ఎక్కువైంది, తగ్గించమన్నారని రాశావు. తగ్గించకు. కోపం శత్రువని బళ్లో నేర్పితే నేర్పారు గానీ, అన్యాయం జరిగిందని మనకి ముందుగా తెలిసేది చాలాసార్లు దానివల్లే. ఆలోచన వెనకాల వస్తుంది. బోయవాడు జంటలో ఒక పక్షిని కొడితే ఆదికవి వాల్మీకి నోట వచ్చిన మొదటి శ్లోకం శాపమే కదా! అందులో బోయవాడి రూపురేఖల గురించి ఒక్క మాట లేదు. మోహంలో ఉన్న జంటలో ఒకదాన్ని చంపావు కాబట్టి, అని కారణం మాత్రం ఉంది. దుఃఖమూ కోపమూ కలిసి ఇచ్చిన తీర్పే అయినా, ఏ తప్పుకి ఇస్తున్నదో చెప్పి మరీ ఇచ్చాడు.

నీ కథలో లోటు అక్కడే ఉంది. చెరువు యజమాని పొట్ట, గుట్కా పళ్లు, చెమట కంపు, తింటూ మాట్లాడేటప్పుడు మీసానికి అంటిన పెరుగు, వీటికి ఒకటిన్నర పేజీ ఇచ్చావు. అతను చేసిన పనికి ఇచ్చింది ఒక్క వాక్యం: "నీళ్లు వదిలేశాడు." పాఠకుడికి అతన్ని చూస్తే వెగటు పుడుతుంది. వెగటు పుట్టాక ఇంక తప్పేమిటో అడగడు, అడక్కుండానే శిక్ష వేసేస్తాడు. పళ్లు తెల్లగా ఉండి, అత్తరు రాసుకుని, అందరినీ "అండీ" అని పిలిచే మనిషి అదే పని చేస్తే నీ కథ ఏమవుతుంది? అలా మార్చి చూడు. నిలబడితే మంచి కథే.

నిలబడాలంటే ఆ ఒక్క వాక్యాన్ని విప్పాలి. ఆకివీడు పక్క ఊళ్లలో నువ్వు పుట్టి పెరిగావు, నాకంటే నీకే బాగా తెలుసు. రొయ్యలు పట్టేశాక చెరువులో మిగిలిన ఉప్పునీళ్లని మురుగు కాలువ దాకా తీసుకెళ్లాలంటే ఖర్చు. పక్కనే పంట బోదె ఉంది. రాత్రికి రాత్రి గట్టుకి గండి కొడితే పైసా ఖర్చు లేదు. పొద్దున్న నీ కథలోని పక్క పొలం ఆవిడ సార్వాకి పోసుకున్న ఆకుమడిలోకి ఏం తెలియక అదే బోదె నీళ్లు పెట్టుకుంది. తర్వాత ఆకు కొసలు ఎండటం, మడిలో అక్కడక్కడా తెల్లగా చౌడు తేలటం, ఆవిడ వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని చూడటం, ఇవన్నీ రాయి. తిట్టు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఏవగింపు అంటే నాకెందుకింత పట్టుదలో చెప్తాను. నా చిన్నప్పుడు మా వైపు టీ కొట్ల దగ్గర కొందరికి వేరే గ్లాసు ఉండేది. చూరులో దోపి ఉంచేవారు. తాగిన మనిషే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. టీ మాత్రం ఎత్తి పోసేవారు, గ్లాసుకి గరిట తగలకుండా. ఆ కొట్టాయనకి ఎవరిమీదా కోపం ఉండేది కాదు. కోపం రావాలంటే అవతలివాడు ఏదో ఒకటి చెయ్యాలి. చూరు గ్లాసు తీసుకున్న మనిషి ఏమీ చెయ్యలేదు, డబ్బులిచ్చి టీ తాగాడంతే. అయినా అది ధర్మమనే ఆయన నమ్మాడు, నిజాయితీగానే నమ్మాడు. నాకు భయం వేసేది ఆ నిజాయితీని చూసే.

1999లో పాల్ రోజిన్, జొనాథన్ హైట్, మరికొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రతిపాదన చేశారు: మనిషికి హాని జరిగినా హక్కు పోయినా కోపం వస్తుంది, పవిత్రత చెడిందనుకుంటే ఏవగింపు పుడుతుంది అని. 2008లో ఇంకో ప్రయోగం బాగా పేరుపడింది. కంపు కొట్టే చోట కూర్చోబెడితే మనుషులు ఇతరుల తప్పుల్ని మరింత కఠినంగా తూస్తారట. కానీ 2015లో అలాంటి ప్రయోగాలన్నీ కలిపి లెక్కేస్తే ఆ ప్రభావం ఉందా లేదా అన్నంత చిన్నదని తేలింది. ముక్కుకి తగిలే కంపు అంత పని చెయ్యకపోవచ్చు. చిన్నప్పటి నుంచి నేర్పిన ఏవగింపు మాత్రం ఎంత పనైనా చేస్తుంది, చూరు గ్లాసే సాక్ష్యం.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, చేసినవాళ్లనీ వెళ్లినవాళ్లనీ వెలివేశారు. ఉద్రేకం ఇటూ ఉంది, అటూ ఉంది. ఈ పెళ్లివల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందని అడిగితే వెలివేసినవాళ్ల దగ్గర జవాబు లేదు. ముక్కుపచ్చలారని పిల్లని వితంతువుగానే ఉంచేస్తే జీవితాంతం ఏం నష్టమో ఇటువాళ్లు చెప్పగలరు. నీ పాత్ర ఎవరిని అసహ్యించుకున్నా ఆ ప్రశ్న వేసి చూడు.

కోపాన్నీ ఒకసారి తడిమి చూడాలి, అందులో ఓర్వలేనితనం కలిసిపోతుంది. అతని మేడ, కొత్త కారు నీ కథలో చాలాసార్లు వచ్చాయి. తెల్లమచ్చ రోగం వచ్చి అతని వనామీ రొయ్యలన్నీ చచ్చిపోయాయనుకో, మేడ తాకట్టులోకి వెళ్లిందనుకో. నీ కోపం చల్లారిందా? చల్లారితే అది ఆవిడ ఆకుమడి కోసం వచ్చింది కాదు. చౌడు ఇంకా అలాగే ఉందని మండుతుంటే మటుకు దాన్ని నమ్ముకుని రాయి.

భయం గురించి అడిగావు. నీ కథలో దాని అవసరం అంతగా లేదు, వదిలెయ్యి.

అసలు సంగతి ఒకటి నువ్వు దాటేశావు. ఆవిడ అన్న కూడా పక్క ఎకరాలు చెరువుకి లీజుకిచ్చాడని ఒక ముక్క రాసి ముందుకెళ్లిపోయావు. ఆవిడకి తెలుసు. లీజు డబ్బులతోనే మేనకోడలి పెళ్లి జరిగింది, ఆ పెళ్లిలో ఆవిడ కొత్త చీర కట్టుకుంది. యజమాని ఇంటి ముందు నిలబడి అరిచేటప్పుడు ఆ చీర గుర్తొస్తే ఆవిడ గొంతు ఏమవుతుంది? నలుగురూ ఏమనుకుంటారో అన్న సిగ్గు వేరు, నాకూ ఇందులో పాలుందే అన్న బాధ వేరు. మొదటిది మనిషి నోరు నొక్కేస్తుంది. రెండోదాన్ని మోస్తూ కూడా అరవగలిగిన మనిషిని నువ్వు రాయగలవు, నాకు నమ్మకముంది.

ముందు అన్న దగ్గరికి వెళ్తుందో, యజమాని దగ్గరికి వెళ్తుందో తేల్చుకుని, ఆ భాగం మొదట రాసి పంపు. మిగతా కథ తర్వాత చూద్దాం. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు