విప్పని మూడో కవరు

ప్రశ్న: మా వారి ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. ఇంటి లోను ఈఎంఐ 24 వేలు, ఐదు వాయిదాలు కట్టలేదు. ఈ సంగతి నాకు మొన్ననే తెలిసింది. బీరువాలో బట్టల కింద బ్యాంకు కవర్లు మూడు దొరికాయి, ఒకటి విప్పనే లేదు. విప్పిన వాటిలో ఒకటి, 60 రోజుల్లో మొత్తం 21 లక్షలు కట్టమని, లేదంటే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టులో ఉన్న ఇల్లు స్వాధీనం చేసుకుంటామని సర్ఫేసీ చట్టం కింద నోటీసు. లోనులో నేను కో-అప్లికెంట్‌ని. మామగారు ష్యూరిటీ సంతకం పెట్టారు. ఇల్లు మా తమ్ముడి పేరు మీద రాయించేస్తే బ్యాంకు ఏమీ చేయలేదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండమ్మా. నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇల్లు అమ్మడానికీ, లీజుకివ్వడానికీ సర్ఫేసీ చట్టం సెక్షన్ 13(13) ఒప్పుకోదు. పేరు మారినా తాకట్టు పోదు. స్టాంపు ఖర్చు దండగ, పైగా మీ తమ్ముడు కూడా ఇందులో ఇరుక్కుంటాడు.

బాకీ లక్షా ఇరవై వేలైతే 21 లక్షలు అడగడమేంటని మీకు అనిపించే ఉంటుంది. వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. అప్పుడు బ్యాంకు లోను మొత్తం ఒకేసారి అడగొచ్చు. ఇక్కడే చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతుంది. ఎలాగో తంటాలు పడి నెలకో ఈఎంఐ కట్టేస్తుంటారు, ఇక గండం గడిచిందనుకుంటారు. గడవదు. అసలు, వడ్డీ బకాయిలన్నీ తీరితేనే ఖాతా మళ్లీ మామూలు అవుతుందని 2021 నవంబరులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. అందుకని విడివిడిగా కట్టే బదులు ఐదు వాయిదాలూ ఒకేసారి సర్దగలరా అని చూడండి. దానికోసం యాప్ లోన్ల జోలికి మాత్రం పోవద్దు.

నోటీసు మీద ఉన్న తేదీ నుంచి 60 రోజులు లెక్కపెట్టండి. కవరు బీరువాలో ఉన్నా ఆ లెక్క ఆగదు. గడువు మిగిలి ఉంటే బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సెక్షన్ 13(3ఎ) ప్రకారం వాళ్లు దాన్ని ఒప్పుకోకపోతే 15 రోజుల్లో కారణాలు చెబుతూ జవాబివ్వాలి. కష్టాలన్నీ ఏకరువు పెట్టకండి. ఉద్యోగం ఎప్పుడు పోయింది, ఇప్పుడు ఎంత కట్టగలరు, మిగతాది ఎప్పటిలోగా కడతారు, అంతే. లోను స్టేట్‌మెంట్ కూడా అడిగి తెచ్చుకోండి. ఆలస్యానికి వేసే పెనాల్టీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయడం 2024 నుంచి కుదరదు. అలా వేసి ఉంటే అదీ ఉత్తరంలో రాయండి.

గడువు దాటితే గేటుకు స్వాధీన నోటీసు అంటిస్తారు, రెండు పేపర్లలో వేస్తారు. అది చూసి సామాను సర్దుకోవాల్సిన పనిలేదు. చాలాసార్లు అది కాగితం మీది స్వాధీనమే. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి బ్యాంకులు మామూలుగా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకుంటాయి. స్వాధీన చర్య మీద 45 రోజుల్లో డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు, అంటే బ్యాంకు బాకీల వివాదాలు వినే ప్రత్యేక న్యాయస్థానానికి వెళ్లొచ్చు. సివిల్ కోర్టులో స్టే తెస్తాననే వాళ్లకు ఫీజు ఇవ్వకండి, సర్ఫేసీ చట్టం సెక్షన్ 34 ఆ తలుపు మూసేసింది. మహిళగా మీకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయరును ఇస్తారు, ఆదాయం ఎంతని చూడరు.

మామగారికి ఇవాళే చెప్పండి. ష్యూరిటీ ఇచ్చినవాళ్లకూ నోటీసు వెళ్తుంది. కొడుకు నోట వినడం వేరు, పోస్ట్‌మ్యాన్ చేతి నుంచి తెలుసుకోవడం వేరు. అప్పుకు మీరు ముగ్గురూ పూర్తి బాధ్యులే. అయితే మామగారు తాకట్టు పెట్టని తన సొంత ఆస్తి మీదికి బ్యాంకు నేరుగా రాలేదు, దానికి విడిగా కేసు వేయాలి. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే టైముతో సహా రాసిపెట్టుకోండి.

ఏ లెక్క చూసినా ఈఎంఐ మోయలేమని తేలితే, బ్యాంకు ఒప్పుకోలు తీసుకుని ఇల్లు మీరే అమ్ముకోవడం నయం. వేలంలో కంటే మంచి రేటు పలికే అవకాశం ఎక్కువ, అప్పు పోగా మిగిలింది మీదే. వేలం ప్రకటన పేపర్లో పడ్డాక బాకీ మొత్తం తెచ్చినా ఇల్లు విడిపించుకునే హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈ నిర్ణయం వాయిదా వేయొద్దు.

మీ వారి మీద కోపం ఉంటుంది, కాదనను. అయినా బ్యాంకుకు ఇద్దరూ కలిసే వెళ్లండి, సంతకాలు ఇద్దరివీ కావాలి. వెళ్లే ముందు ఆ మూడో కవరు విప్పండి. అందులో ఉన్నది స్వాధీన నోటీసైతే ఆ 45 రోజుల లెక్క ఇప్పటికే మొదలై ఉంటుంది.