వాషర్, డ్రయ్యర్ విడివిడిగా కొనాలా, రెండూ కలిసినది చాలా?

అపార్ట్‌మెంట్‌లో బట్టలారేసే చోటు లేదు, ఏది కొనాలి అని అడిగారు. బడ్జెట్ ఉంటే విడివిడిగానే కొనండి. కలిసిన మెషీన్‌లో 8 కిలోలు ఉతికినా, ఒకేసారి ఆరేది సాధారణంగా 5 కిలోలే. మిగతా తడిబట్టలు బకెట్లో వేసుకుని కాపలా కాయాలి. అవి ఆరేదాకా రెండో విడత ఉతకడమూ కుదరదు.

చోటు చాలకపోతే కింద ఫ్రంట్ లోడ్ వాషర్, పైన డ్రయ్యర్ పెట్టొచ్చు. మధ్యలో స్టాకింగ్ కిట్ (పై మెషీన్ జారకుండా పట్టి ఉంచే బిగింపు) తప్పనిసరి. అది రెండు మోడళ్లకీ సరిపోవాలి కాబట్టి ఒకే కంపెనీవి తీసుకుంటే టెన్షన్ ఉండదు. వెడల్పు సాధారణంగా 60 సెంటీమీటర్లే గానీ, వెనక పైపులకూ ముందు తలుపుకీ చోటు వదిలి కొలవండి.

వెంటెడ్ డ్రయ్యర్ చవకే, కానీ తేమగాలి బయటికి పోయే దారి చూపించాలి. హీట్ పంప్ డ్రయ్యర్ (వేడిని బయటికి వదలకుండా మళ్లీ వాడుకునే రకం) ధర ఎక్కువ, కాస్త నిదానం. కరెంటు మాత్రం బాగా ఆదా, బట్టలకు వేడి దెబ్బా తక్కువ. రోజూ వాడేవాళ్లకు నేనైతే అదే చెబుతాను.

వాషర్ స్పిన్ 1200 ఆర్‌పీఎం (నిమిషానికి డ్రమ్ తిరిగే చుట్లు), ఆపైన ఉంటే మంచిది. బట్టలు బాగా పిండుకుంటే డ్రయ్యర్‌కి పని తగ్గుతుంది. మా ఇంట్లో బోరు నీళ్లు; పాత మెషీన్ విప్పితే హీటర్ కడ్డీ సున్నం కొట్టిన గోడలా ఉంది. మీదీ బోరే అయితే ఆ సున్నం పొర వదిలించే డీస్కేలింగ్ పౌడర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.