వాడని రివాల్వర్ అమ్మి మరో తుపాకి కొనవచ్చునా?

ప్రశ్న: నా వయసు 63. కర్నూలులో ఉంటాను. గుత్తేదారుగా పనులు చేస్తున్న రోజుల్లో, 1996లో, ఆత్మరక్షణ కోసం లైసెన్సు పొంది .32 రివాల్వర్ ఒకటి కొన్నాను. పనులు మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు అది బీరువా లాకరులో పడి ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోవడం, అవి ముగిశాక తెచ్చుకోవడం తప్ప దానితో నాకు మరో పని లేదు. ఈ మధ్య పత్తికొండ దగ్గర మా తోటలోనే ఎక్కువగా ఉంటున్నాను. అక్కడికి రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి గానీ, .315 రైఫిల్ గానీ తీసుకుందామని ఉంది. రివాల్వర్ అమ్మితే తప్ప ఆ డబ్బు సమకూరదు. ఒక మిత్రుడు మాత్రం అది చేజారితే మళ్లీ రాదని వారిస్తున్నాడు. బళ్లారిలో తెలిసినవారు ఒకరు మంచి ధర రొక్కంగా ఇస్తామని, కాగితాల సంగతి తరువాత చూసుకుందామని అంటున్నారు. ఏం చేయమంటారు?
(పేరు వెల్లడించవద్దని కోరిన పాఠకుడు, కర్నూలు)

జవాబు: ముందుగా బళ్లారి బేరాన్ని వదిలివేయండి. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం, సొంత వాడకానికి చట్టబద్ధంగా ఉంచుకున్న తుపాకిని మీరు డీలరు లైసెన్సు లేకుండానే మరొకరికి అమ్మవచ్చు. అయితే ఆ కొనేవారికి దాన్ని ఉంచుకొనే అర్హత ఉండాలి. అంతేకాక, అమ్మదలచుకున్న సంగతినీ, కొనేవారి పేరునూ చిరునామానూ జిల్లా మెజిస్ట్రేటుకు గానీ సమీప పోలీసు స్టేషను అధికారికి గానీ ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలియజేశాక కనీసం 45 రోజులు గడిచిన తరువాతే ఆయుధాన్ని చేతులు మార్చాలి. ఈ వరుస తప్పి జరిగే అమ్మకం తేలికపాటి నేరం కాదు. 2019 సవరణ తరువాత 5వ సెక్షన్‌ను ఉల్లంఘించి తుపాకి అమ్మినా, బదలాయించినా శిక్ష ఏడేళ్ల జైలు నుంచి మొదలై యావజ్జీవం వరకు ఉండవచ్చు. కాగితాలు తరువాత చూసుకుందామనే మనిషి ఆ తరువాత కనిపించకపోతే, ఆ రివాల్వర్ ఎక్కడ ఏ పనికి వాడబడినా దాని నంబరు మీ లైసెన్సు పుస్తకంలోనే ఉంటుంది. నిజంగా కొనదలచినవారికి 45 రోజులు ఆగడం కష్టమేమీ కాదు.

ఇక అసలు విషయానికి వద్దాం. చట్టం మిమ్మల్ని అమ్మమని ఒత్తిడి చేయడం లేదని ముందు గుర్తించాలి. ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్యను 2019 సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది. మీ దగ్గర ఉన్నది ఒకటే కాబట్టి, అనుమతి దొరికితే రివాల్వర్‌ను ఉంచుకుంటూనే రెండవ తుపాకి కొనుక్కోవచ్చు. కనుక ఇది కేవలం డబ్బుకు సంబంధించిన ప్రశ్న. అందువల్ల మీరు ఒకటి ఆలోచించుకోవాలి. పన్నెండు బోరు కొనడానికి డబ్బు మరో దారిన వచ్చినా ఈ రివాల్వర్‌ను వదిలించుకొనేవారా? అవునని అనిపిస్తే అమ్మండి, కొత్త తుపాకి వచ్చినా రాకపోయినా అమ్మండి. కాదని అనిపిస్తే, కొద్దికాలం ఆగి డబ్బు కూడబెట్టుకోవడమే మంచిది.

ఇలా అనడానికి కారణం మీ మిత్రుడి మాటలోనే ఉంది. ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. చట్టంలోని 13వ సెక్షన్ తుపాకులన్నిటినీ ఒకే కంటితో చూడదు. 20 అంగుళాలకు తగ్గని గొట్టం గల నునుపు బోరు (గొట్టం లోపల గాడులు లేని) తుపాకిని ఆత్మరక్షణకో క్రీడకో కోరే పౌరుడికి, ఇతర అడ్డంకులు లేకపోతే, లైసెన్సు ఇవ్వాలనే ఆ సెక్షన్ చెబుతుంది. పంట రక్షణకు గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకి విషయంలోనూ అంతే. మీరు కోరుతున్న పన్నెండు బోరు ఈ మొదటి తరగతిలోకి వస్తుంది. రివాల్వర్, పిస్తోలు, .315 రైఫిల్ మాత్రం ఇందులోకి రావు. వాటిని కోరేవారు తమకు తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. 1996లో మీరు గుత్తేదారు. పనుల కోసం చేతిలో రొక్కం పట్టుకొని తిరిగేవారు. మన జిల్లాలో కక్షలు ఏ స్థాయిలో ఉండేవో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆనాడు ఆ కారణం నిలిచింది. ఈరోజు 63 ఏళ్ల తోట యజమానిగా మళ్లీ రివాల్వర్ కోరితే, బెదిరింపు ఏదీ లేదని పోలీసు నివేదిక వచ్చే అవకాశమే ఎక్కువ. మీరు అమ్మేది ఇనుప వస్తువు ఒక్కటే కాదు. మళ్లీ సంపాదించడం కష్టమైన అనుమతిని కూడా దానితోపాటు వదులుకుంటారు. పన్నెండు బోరుకు అనుమతి రేపైనా తెచ్చుకోవచ్చు.

అయినా నా అభిప్రాయం మీ మిత్రుడి వైపు లేదు. మళ్లీ రాదన్న భయం, దాని అవసరం ఉన్నవారికి. ఎన్నికలకొకసారి స్టేషనుకు మోసుకుపోవడం, అయిదేళ్లకొకసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకోవడం, ఇంట్లో పిల్లలు వచ్చినప్పుడల్లా తాళాలు చూసుకోవడం, ఇవి మాత్రమే మిగిలిన ఆయుధం మీకు రక్షణ ఇవ్వడం లేదు, మీరే దానికి కాపలా కాస్తున్నారు. మీ ఉత్తరంలో దాని మీద ప్రీతి గానీ, అది ఫలానా వేళ పనికొచ్చిందన్న జ్ఞాపకం గానీ ఒక్క వాక్యం కూడా లేదు. అమ్మడమే సబబని నాకు తోస్తున్నది.

అయితే అమ్మే ముందు మరో దారి ఉందని తెలుసుకోండి. ఆయుధాల నియమావళి, 2016 ప్రకారం, లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినప్పుడు గానీ, ఆయుధం ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నప్పుడు గానీ, ఏది ముందైతే అప్పుడు, తాను ఎంచుకున్న వారసుడి పేరిట దానికి లైసెన్సు కోరవచ్చు. మీ రివాల్వర్‌కు 25 ఏళ్లు ఏనాడో దాటాయి. కొడుకుకో కూతురికో నిజంగా అవసరముంటే, వారికి స్వయంగా అర్హత ఉంటే, ఈ దారి ఉంది. అవసరం లేని సంతానానికి దాన్ని అంటగట్టడం మాత్రం మీ బరువును వారి నెత్తిన పెట్టడమే.

ఎంత వస్తుందన్నది అది ఎక్కడ తయారైందన్న దానిపై చాలావరకు ఆధారపడుతుంది. విదేశీ తుపాకులను సామాన్య పౌరులు దిగుమతి చేసుకోవడం దాదాపు నాలుగు దశాబ్దాలుగా ఆగిపోయింది కాబట్టి, అంతకుముందు వచ్చిన ఇంగ్లండు, అమెరికా రివాల్వర్లకు మంచి స్థితిలో ఉంటే గిరాకీ ఎక్కువ. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం రివాల్వర్ అయితే అంత రాదు. అయినా ఈ మధ్య కొత్తవాటి ధర పెరగడం మీకు కొంత అనుకూలమే. జీఎస్టీ మొదలైన 2017లో రివాల్వర్లు, పిస్తోళ్లపై 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతమైంది. ఇటువంటి సరుకును కొనగలిగేది లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లు మాత్రమే గనుక, మొదటి నెలలోనే కొనేవారు దొరక్కపోవచ్చు. లైసెన్సు గల డీలరు ద్వారా అమ్మితే ధర కొంత తగ్గినా, వారి రిజిస్టరులో, మీ పుస్తకంలో, కొనేవారి పుస్తకంలో నమోదు సక్రమంగా జరుగుతుంది. నేనైతే ఆ తగ్గింపుకు ఒప్పుకుంటాను.

వరుస విషయంలో మాత్రం తొందరపడవద్దు. ముందు రివాల్వర్ అమ్మి, ఆ తరువాత ఖాళీ లైసెన్సుతో కలెక్టరేటుకు వెళితే, ఆత్మరక్షణ కోసమని ఇచ్చిన ఆయుధాన్ని వదిలేసుకున్నారు గదా, ఇంకొకటి ఎందుకన్న ప్రశ్న ఎదురుకావచ్చు. రివాల్వర్ స్థానంలో పన్నెండు బోరు నమోదు చేయమని, తోటలో నివాసం ఉంటున్నానని, ఆధారాలతో ముందుగా దరఖాస్తు ఇవ్వండి. దాని మీద పోలీసు విచారణ జరుగుతుంది. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, దానిపై అప్పీలు చేసుకొనే హక్కు మీకుంటుంది. అనుమతి వచ్చాక, అమ్మకానికి తెలియజేసిన 45 రోజులూ గడిచాక, ఆ డబ్బుతో కొత్తది కొనండి. వీటన్నిటికంటే ముందు మీ లైసెన్సు గడువు తీరలేదని, దానికి ఆయుధ లైసెన్సుల జాతీయ డేటాబేసు విశిష్ట సంఖ్య ఉందని ఒకసారి చూసుకోండి. గడువు తీరిపోయి ఉంటే రివాల్వర్ ఇంట్లో ఉండటమే చట్టవిరుద్ధం. అప్పుడు ఆలస్యం చేయకుండా స్టేషనులో గానీ లైసెన్సు గల డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయడం మొదటి పని. మిగిలిపోయిన .32 తూటాలను కూడా మరచిపోవద్దు. రివాల్వర్ పోయాక అవి ఒక్కటి మీ బీరువాలో మిగిలినా దానికి మీ దగ్గర లైసెన్సు ఉండదు.

.315 రైఫిల్ ఆలోచన మానుకోమని చెబుతాను. దానికి తగిన కారణం చూపడం కష్టమన్నది ఒక సంగతి. దాని గుండు కిలోమీటరుకు పైగా పోతుందన్నది అంతకంటే పెద్ద సంగతి. పత్తికొండ చుట్టూ ఉన్నవి చదునైన మెట్టపొలాలు, గొర్రెల కాపరులు తిరిగే బీళ్లు. గురి తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందో మీరు చెప్పలేరు. పన్నెండు బోరు రవ్వలు (చిన్న గుళ్లు) పోయే దూరం దానితో పోలిస్తే చాలా తక్కువ.

తోటకు తుపాకి ఎందుకో మీరు రాయలేదు. దొంగల భయమైతే పైన చెప్పింది చాలు. జింకల గురించి, అడవిపందుల గురించి అయితే మాత్రం ఆగండి. తుపాకి లైసెన్సు వన్యప్రాణిని కొట్టడానికి అనుమతి కాదు. మన జిల్లాలో చేలమీద పడే కృష్ణజింక వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. అడవిపందులకైనా అటవీశాఖ అనుమతి లేకుండా తుపాకి ఎత్తరాదు. పంట నష్టమే మీ బాధ అయితే, తుపాకి మీద పెట్టదలచిన డబ్బును కంచె మీద పెట్టడం మేలు.

ప్రశ్న: నా పిస్తోలు లైసెన్సు అనంతపురం కలెక్టరేటులో ఇచ్చారు. మా కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. పిస్తోలు అమ్మి పన్నెండు బోరు కొనాలంటే ఎవరికి రాయాలి?
(ఒక పాఠకుడు, కదిరి)

జవాబు: జిల్లాల పునర్విభజన 2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చింది. అమ్మకం సమాచారం ఇవ్వవలసింది మీరుంటున్న చోటుపై అధికారం గల జిల్లా మెజిస్ట్రేటుకు, అంటే పుట్టపర్తికి, లేదా మీ సమీప స్టేషను అధికారికి. అయితే మీ పాత రికార్డు అనంతపురం నుంచి అక్కడికి చేరిందో లేదో ముందుగా కనుక్కోండి. చేరకపోతే కొత్త తుపాకి దరఖాస్తు ఆ ఒక్క కారణంతోనే నెలల తరబడి నిలిచిపోవచ్చు. మీ పిస్తోలు బోరు ఏదో మీరు రాయలేదు. .32 అయితే ఇబ్బంది లేదు. 9 ఎం.ఎం. వంటి నిషిద్ధ బోరు (సామాన్య పౌరులకు సాధారణంగా అనుమతించని రకం) అయితే అది కేంద్ర హోంశాఖ అనుమతితో ముడిపడిన వ్యవహారం కాబట్టి, కొనేవారిని వెతకక ముందే కలెక్టరేటులో అడగండి.

ప్రశ్న: మా పెద్దబ్బాయి (17) పిస్తోలు షూటింగ్ నేర్చుకుంటున్నాడు. నా .32 రివాల్వర్ అమ్మి వాడికి మంచి పిస్తోలు కొనిపెట్టాలని ఉంది. వీలవుతుందా?
(ఒక తండ్రి, కడప)

జవాబు: ఈ పరిస్థితిలో అమ్మకం నాకు పూర్తిగా సమ్మతమే. కొనవలసిన వస్తువు మాత్రం మీరనుకుంటున్న తుపాకి కాకపోవచ్చు. 21 ఏళ్లు నిండనివారికి సాధారణంగా తుపాకి లైసెన్సు ఇవ్వరు. మీ పేరిట కొని అబ్బాయి చేతికివ్వడం అంతకన్నా ప్రమాదం. అయితే నేర్చుకొనేవారు మొదట పట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు. .177 బోరుకు మించకుండా, గొట్టం మూతి దగ్గర గుండు శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉన్న ఎయిర్ ఆయుధానికి 2016 నియమావళి ప్రకారం లైసెన్సు అక్కరలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ తన వ్యక్తిగత కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు విభాగంలోనే. పోటీలకు పనికివచ్చే విదేశీ ఎయిర్ పిస్తోలు తక్కువ ధరకు రాదు కాబట్టి రివాల్వర్ డబ్బు ఎటూ అవసరమే అవుతుంది. ఏ నమూనా, ఏ పిడి అన్నది మీరు దుకాణంలో నిర్ణయించకండి. అబ్బాయి చేతిని చూసి శిక్షకుడు చెప్పాలి. ఆయన చెప్పేలోగా రివాల్వర్ అమ్మకం సమాచారాన్ని స్టేషనులో రాతపూర్వకంగా ఇచ్చి, తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. 45 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.