ఖగోళ శాస్త్రం కోర్సుకు టెలిస్కోపు కంటే ముందు పంచాంగం కొనుక్కోండి

అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నానని, ఖగోళ శాస్త్రం పరిచయ కోర్సు తీసుకున్నానని రాశారు. టెలిస్కోపు కొనాలా, లెక్కలు ఎక్కువా, హాస్టల్లో ఉంటూ రాత్రి పరిశీలనలు ఎలా చేయాలి అని మీ ప్రశ్న. నేనూ ఈ ఊళ్లోనే హాస్టల్లో ఉండి ఈ కోర్సు చదివినదాన్నే.

టెలిస్కోపు వద్దు. చవక రకానికి స్టాండే శత్రువు. గాలి వీస్తే వణుకుతుంది, ఫోకస్ సరిచేసేలోపు గురుగ్రహం పక్కకు జారిపోతుంది. 10×50 బైనాక్యులర్ (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం 50 మిల్లీమీటర్లది) దొరికితే అరువు తెచ్చుకోండి. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూస్తే గురుడి నాలుగు పెద్ద చందమామలూ కనిపిస్తాయి. శని వలయాలు మాత్రం కనిపించవు, ఆశ పెట్టుకోకండి.

లెక్కలకు ఇంటర్ గణితం చాలు. సంవర్గమానాలు ఒకసారి తిరగేయండి. నక్షత్రాల ప్రకాశ పరిమాణంలో (మాగ్నిట్యూడ్) 5 తేడా ఉంటే వెలుగులో 100 రెట్లు తేడా. పైగా అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసకబారుతుంది. నాకు మార్కులు పోయింది ఆ తలకిందుల లెక్క దగ్గరే.

అసలు కష్టం రాత్రులను సంపాదించుకోవడం. జూలై నుంచి అక్టోబరు దాకా మబ్బులు. కరవు జిల్లా అంటారు గానీ, ఇక్కడ పడే కాస్త వానలో ఎక్కువ భాగం సెప్టెంబరు చుట్టూనే పడుతుంది, సరిగ్గా మీ సెమిస్టరు మధ్యలో. అందుకే ఆకాశం తెరిపి ఇచ్చిన మొదటి రాత్రే మొదలుపెట్టండి. నేను దీపావళి సెలవుల్లో చూసుకుందాములే అనుకున్నాను. ఆ వారమంతా ముసురు పట్టింది.

మబ్బు తర్వాత అడ్డం వెన్నెల. ఇక్కడే గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు పనికొస్తుంది. పౌర్ణమి నాడు పొద్దుగూకే వేళ ఉదయించే చంద్రుడు ఆపైన రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అంటే బహుళ పంచమి నాటికి రాత్రి పది కావస్తుంది. అక్కడి నుంచి అమావాస్య దాటిన రెండు మూడు రోజుల దాకా, హాస్టల్ గేటు మూసేలోపు చీకటి ఆకాశం మీదే. చంద్రుడి మీది గుంతలను గీయాలంటే మాత్రం శుక్ల సప్తమి, అష్టమి రోజులు మేలు. పౌర్ణమి నాడు నీడలు ఉండవు కాబట్టి గుంతలు తేలవు. ఈ తిథులన్నీ సెమిస్టరు మొదట్లోనే ఒక కాగితం మీద రాసి, లెక్చరర్ సంతకం చేయించి వార్డెన్‌కు ఇవ్వండి. ఏ పూటకాపూట అడిగితే ఆవిడ విసుక్కుంటారు, అందులో తప్పూ లేదు. మేము నలుగురు అమ్మాయిలం ఒకే జాబితా ఇచ్చాక మళ్లీ మాట్లాడాల్సిన పని రాలేదు.

పాఠ్యపుస్తకం కొనకపోయినా పరవాలేదు. ఓపెన్‌స్టాక్స్ వారిది ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతుంది. కానీ ఇలాంటి విదేశీ పుస్తకాల్లోని బొమ్మలు ఎక్కడో 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి చూసిన ఆకాశానివి. మనం 14.7 దగ్గర ఉన్నాం. ధ్రువనక్షత్రం కోసం నేను వారం రోజులు మెడ ఎత్తి వెతికాను. అది దిగంతానికి పదిహేను డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే సుమారు పది డిగ్రీలు, అంటే ఒకటిన్నర పిడికిలి. పెద్ద ప్రకాశవంతమైనదీ కాదు, ఊరి దీపాల కాంతిలో కలిసిపోతుంది. ఊరికి ఉత్తరం వైపు వెళ్లి నిలబడితే దీపాలు వీపు వెనక్కి పోతాయి. మా స్నేహితురాలిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, వాళ్ల మిద్దె మీద రెండు రాత్రుల్లో మేము చేయాల్సిన పరిశీలనల్లో సగం పూర్తయ్యాయి. జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన అగస్త్య నక్షత్రాన్నీ చూడండి. ఆ బొమ్మలు గీసినవాళ్లకు అది దిగంతం పైకే రాదు.

పగటి ప్రయోగం ఒకటుంటుంది, కర్ర నీడ కొలిచి అది అతి చిన్నదయ్యే వేళను కనుక్కోవడం. గడియారంలో పన్నెండు కాగానే కొలిచి మురిసిపోకండి. మన దేశపు సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, మన ఊరు 77.6 దగ్గర ఉంది. ఆ తేడాకు సూర్యుడు సగటున 20 నిమిషాలు ఆలస్యంగా నడినెత్తి రేఖకు (ఉత్తరం నుంచి దక్షిణానికి నెత్తి మీదుగా పోయే ఊహా గీతకు) వస్తాడు. నవంబరు మొదట్లో 12:03కే వస్తాడు, ఫిబ్రవరి నడుమ 12:34 అవుతుంది. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా అయిదేసి నిమిషాలకు గుర్తులు పెట్టుకుంటూ పోండి, అతి చిన్న నీడ తానే బయటపడుతుంది.

టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది, తెల్లని ఫోను వెలుగు ఒక్కసారి తగిలితే మళ్లీ మొదటికి వస్తుంది. బొమ్మ, సమయం, దిక్కు అక్కడికక్కడే పెన్సిలుతో రాసుకోండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, రాళ్ల కింద తేళ్లుంటాయి.

బెంగళూరులోని నెహ్రూ నక్షత్రశాలకు వెళ్తే సోమవారం వద్దు, సెలవు. మిగతా రోజులైనా ముందే కనుక్కుని వెళ్లండి. మేము కనుక్కోకుండా సోమవారమే వెళ్లాం. మూసిన గేటు ముందు శనక్కాయలు తిని, సాయంత్రం రైలెక్కి తిరిగొచ్చాం.