సెకండ్‌హ్యాండ్ బండి, ప్రతి గతుక్కీ నడుం అదురుతోంది: షాకులు మార్పించాలా?

మీ బరువు 52 కిలోలు, బండి నేర్చుకుని నెల, 150 సీసీ పాత బండి, వెనక రెండు షాకులు (కుదుపుల్ని మింగే షాక్ అబ్జార్బర్లు), గుంతలో పడితే వెన్ను దాకా కొడుతోంది అన్నారు. మెకానిక్ కొత్త షాకులు వేయించమన్నాడని కూడా రాశారు. ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఇదే బాధ నేను రెండు నెలలు పడ్డాను.

నాదీ పాత బండే. గుంటూరు లక్ష్మీపురం నుంచి బెజవాడ ఆటోనగర్‌కి రోజూ రాకపోకలు. మంగళగిరి దాటేదాకా ఫర్వాలేదు. కృష్ణ మీద వారధి ఎక్కాక మాత్రం ఒక్కో జాయింటుకీ సీటు ఎగిరి నడుముకి తగిలేది. బండి నడపడం నాకే చేతకావట్లేదేమో అనుకున్నాను.

ఒక ఆదివారం నాన్న పక్కన గొంతుక్కూర్చుని చూశారు. షాకు స్ప్రింగు కొసన మెట్లు కోసిన కాలరు, అంటే తిప్పే రింగు, ఒకటుంటుంది. అయిదు మెట్లలో మా బండిది అయిదో మెట్టు మీద ఉంది. పాత ఓనరు వెనక సరుకు కట్టుకుని తిరిగేవాడట. ఆ బరువుకి అదే సరైన మెట్టు, 50 కిలోల నాకు కాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మెట్టు పెంచితే స్ప్రింగేమీ మారిపోదు. ముందే కొంత నొక్కి పెట్టి ఉంచుతుందంతే. దాంతో స్ప్రింగు కదలడం మొదలవ్వాలంటేనే ఎక్కువ బరువు కావాలి. మనలాంటి తేలికపాటి వాళ్ళు కూర్చుంటే అది దిగనే దిగదు, చిన్న గతుకు కూడా నేరుగా ఒంటికొస్తుంది.

అందుకే కొలవండి. సెంటర్ స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లో ఉంటుంది. యాక్సిల్ (చక్రం ఇరుసు) నుంచి నిటారుగా సీటు కింద ఒక గుర్తు దాకా టేపు పెట్టి రాసుకోండి. తర్వాత స్టాండు తీసి, హెల్మెట్, బ్యాగుతో సహా మీరు కూర్చోండి, ఇంకొకళ్ళు మళ్ళీ కొలవాలి. ఆ తేడా, చక్రం మొత్తం కదలికలో మూడో వంతుకి కాస్త తక్కువ ఉంటే బాగుంటుంది. మా బండికి కదలిక 100 మిల్లీమీటర్లు. అయిదో మెట్టు మీద నేను కూర్చుంటే దిగింది 12. రెండో మెట్టుకి తెచ్చాక 27. మర్నాడు వారధి మీద జాయింట్లు తెలిశాయి గానీ నడుముకి తగల్లేదు.

కాలరు తిప్పడానికి కొక్కెంలా వంగిన పానా టూల్ కిట్‌లోనే ఉంటుంది. సైలెన్సరు చల్లారాక, చక్రం మీద బరువు లేనప్పుడు తిప్పండి. పానా జారితే వేళ్ళు చీరుకుపోతాయి, గ్లౌజులు వేసుకోండి. టక్కుమని మెట్టులో కూర్చోవాలి. రెండు పక్కలా ఒకే మెట్టు ఉండి తీరాలి. ఒకసారికి ఒక్క మెట్టే మార్చి, తెలిసిన రోడ్డు మీదే నడిపి చూడండి.

నిజానికి అన్నిటికంటే ముందు టైర్లలో గాలి చూడాలి. బండి మీద స్టిక్కరు నాకు వెనక 28 పీఎస్ఐ అని చెబుతుంటే, బంకు కుర్రాడు కొట్టింది 40. టైరు అంత బిగుసుకుపోతే ఏ షాకూ కాపాడలేదు. చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే చూపించండి.

షాకులు మార్చాల్సిన సందర్భమూ ఉంది. సీటు మీద గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి ఆగితే బాగున్నట్టే. ఊగుతూనే ఉన్నా, రాడ్డు మీద నూనె తడి కనిపించినా లోపల పోయినట్టు, అప్పుడు రెండూ కలిపి మార్పించండి. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కుల దగ్గర నూనె కారుతుంటే ఆయిల్ సీలు పోయింది. ఆ నూనె బ్రేకు డిస్కు మీద పడకముందే మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

అమ్మ వెనక కూర్చున్న రోజు నేను రెండు మెట్లు పెంచుతాను. లేకపోతే వెనక దిగిపోయి హెడ్‌లైటు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది.